డెబ్బై దాటిన నాన్నగారు విమానం నడపవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. అమ్మతో కలిసి టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నారు. ఇంజినీరుగా రిటైరయ్యారు. నలభై దాటాక ప్రైవేట్ పైలట్ లైసెన్సు తీసుకుని, అప్పటి నుంచి వారాంతాల్లో సరదాగా సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతున్నారు. బీపీ, షుగర్ ఉన్నాయి. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. ఈ మధ్య రెండుసార్లు విమానం నేలకు గట్టిగా తగిలేలా దిగిందని, నేల మీది నుంచి దారి చెప్పే కంట్రోలర్ చెప్పిన రేడియో ఫ్రీక్వెన్సీని మళ్లీ మళ్లీ అడిగారని అమ్మ చెప్పింది. ఆయన మాత్రం ‘డాక్టరు పరీక్షలో పాసయ్యాను కదా’ అంటున్నారు. వచ్చే నెల మా తొమ్మిదేళ్ల బాబును కూడా ఎక్కించుకుంటారట. ఇక మానేయమని చెప్పాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానేయమని ఇప్పుడే చెప్పకండి. కానీ బాబును వచ్చే నెల ఎక్కించుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ ఎవరైనా మీ నాన్నగారి పక్కన కూర్చుని, ఒకటికి రెండుసార్లు ఎగిరి, ఫరవాలేదన్న తర్వాతే ఆ సంగతి ఆలోచించాలి. అంతవరకు మీ అమ్మగారు కూడా ఎక్కకపోవడం మంచిది. ఆమె గమనించిన రెండు విషయాలూ చిన్నవి కావు. పరీక్ష గదిలో మా డాక్టర్లకు దొరకని సమాచారం అది. పక్క సీట్లో కూర్చున్న మనిషికే కనిపిస్తుంది.

ముందు ఆ ‘పాసయ్యాను’ అన్న మాట సంగతి చూద్దాం. అమెరికాలో విమానయాన సంస్థల పైలట్లకు 65 ఏళ్ల పరిమితి ఉంది. 2007 వరకు అది 60 ఏళ్లే. సొంత సరదా కోసం నడిపే ప్రైవేట్ పైలట్లకు మాత్రం పై వయోపరిమితి అంటూ లేదు. ఎనభై దాటాక కూడా విమానం నడిపినవారికోసం 1982 నుంచి ప్రత్యేకంగా ఒక సంఘమే ఉంది. థర్డ్ క్లాస్ మెడికల్ (ప్రైవేట్ పైలట్లకు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం) తీసుకునేవారు నలభై దాటాక రెండేళ్లకోసారి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గరకు వెళ్లాలి. 2017 మే నుంచి బేసిక్‌మెడ్ అనే మరో దారి వచ్చింది. ఈ పద్ధతిలో ఫ్యామిలీ డాక్టరు నాలుగేళ్లకోసారి పరీక్షిస్తే చాలు, రెండేళ్లకోసారి ఆన్‌లైన్‌లో ఒక కోర్సు చదివితే చాలు. చాలామంది పెద్దవాళ్లకు ఇది మేలే చేసింది. కానీ డెబ్బై దాటిన శరీరంలో నాలుగేళ్లు చాలా ఎక్కువ కాలం. మీ నాన్నగారు ఏ పద్ధతిలో పాసైనా, ఆ కాగితం పరీక్ష జరిగిన రోజు సంగతే చెబుతుంది. ఈ వారం ఆయన ఎలా ఉన్నారన్నది దానికి తెలియదు. అందుకే అక్కడి నిబంధనలు ఆ బాధ్యతను పైలట్ మీదే పెట్టాయి. ఒంట్లో బాగాలేదని తనకు తెలిసినప్పుడు, జేబులో సర్టిఫికెట్ ఉన్నా విమానం నడపకూడదు.

ఈ విషయం ఎత్తగానే ఇంట్లోవాళ్లంతా భయపడేది గాల్లో గుండెపోటు గురించే. అది జరగదని అనను. మన దక్షిణాసియా వాళ్లకు గుండె జబ్బులు తొందరగా వస్తాయి, అందులోనూ షుగర్ ఉంది. కాబట్టి ఆయన గుండె వైద్యుణ్ని ఒకసారి కలిసి, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవాలి. అయితే చిన్న విమానాల ప్రమాదాలు ఎక్కువగా పైలట్ స్పృహ తప్పడం వల్ల జరగవు. విమానం మీద పట్టు తప్పడం, దిగేటప్పుడు తప్పటడుగు, వాతావరణం బాగాలేకపోయినా బయల్దేరడం లాంటివాటివల్లే జరుగుతాయి. అంటే మెదడు, కన్ను, చెయ్యి కలిసి చేయాల్సిన పనిలో వచ్చే పొరపాట్లు. వయసు ముందుగా తాకేది కూడా అక్కడే.

ఫ్రీక్వెన్సీ సంగతి తీసుకోండి. డాలస్ చుట్టుపక్కల ఆకాశం ఎంత రద్దీగా ఉంటుందో మీకు తెలిసిందే. కంట్రోలర్ ఊపిరి తిప్పుకోకుండా చెబుతాడు: ఎడమకు తిరిగి 250 డిగ్రీల దిశ పట్టు, మూడు వేల అడుగులకు ఎక్కు, ఫలానా ఫ్రీక్వెన్సీకి మారు. ఈ మూడు అంకెలనూ మనసులో పట్టుకుని, తిరిగి అప్పజెప్పి, అదే సమయంలో విమానాన్ని తిప్పాలి. ఇలా క్షణకాలం మనసులో నిలుపుకుని పని చేసే జ్ఞాపకశక్తి వయసుతో తగ్గుతుంది. ఏనాడో చదివిన పద్యం తడుముకోకుండా చెప్పే తాతగారే ఇప్పుడే విన్న ఫోన్ నంబరు మరిచిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఇది డిమెన్షియా కాదు, మామూలు వృద్ధాప్యమే. కానీ కాక్‌పిట్‌లో దాని ఖరీదు వేరు.

పైగా మీ నాన్నగారి విషయంలో అది జ్ఞాపకం కాకుండా వినికిడి సమస్య కూడా కావచ్చు. షుగర్ ఉన్నవారికి వినికిడి తగ్గడం మామూలు. ఏళ్ల తరబడి ఇంజిన్ హోరు విన్న చెవులు మొదట పోగొట్టుకునేది హల్లులను పట్టిచ్చే సన్నని ధ్వనులనే. రేడియోలో మాట వినిపిస్తుంది గానీ అందులో ఉన్నది ‘ఫైవా’, ‘నైనా’ తేలదు. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయిస్తే తెలిసిపోతుంది. కారణం అదే అయితే మంచి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్, మోకాలికి కట్టుకునే రాతపలక, విన్న వెంటనే అంకె రాసుకునే అలవాటు చాలా మట్టుకు సరిచేస్తాయి. వినికిడి బాగానే ఉందని తేలితే జ్ఞాపకశక్తి పరీక్షలకు వెళ్లాలి. డాక్టరు గదిలో చేసే పది నిమిషాల పరీక్షలో పూర్తి మార్కులు వచ్చినంత మాత్రాన సరిపోదు. పైలట్లకోసమే రూపొందించిన కంప్యూటర్ పరీక్షలు ఉన్నాయి, వాటిని అడగండి.

ఇక్కడ మీ నాన్నగారికి ధైర్యం కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 40 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న 118 మంది పైలట్లను మూడేళ్లపాటు ఏటా సిమ్యులేటర్‌లో పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. మొదటి పరీక్షలో వయసులో పెద్దవాళ్లు కొంత వెనకబడ్డారు. కానీ ఎక్కువ శిక్షణ, ఉన్నత స్థాయి రేటింగులు (పైలట్ అర్హతలు) ఉన్నవారి పనితీరు మూడేళ్లలో తక్కువగా పడిపోయింది. ఇతర విమానాలను తప్పించుకునే విషయంలో పెద్దవాళ్లు తర్వాతి ఏళ్లలో మెరుగయ్యారు కూడా. నేర్చుకున్న విద్య వయసుకు కొంత అడ్డుపడుతుందన్నమాట. అందుకే ఆయనను ఇంకా నేర్చుకోమనండి. ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరే సమీక్షను నిబంధన రెండేళ్లకోసారి అడుగుతుంది. ఒక గంట పాఠం, ఒక గంట ఎగరడం, అంతే. డెబ్బై దాటినవారు దాన్ని ఆరు నెలలకోసారి చేయించుకోవాలని నా అభిప్రాయం.

ఇక గట్టిగా దిగడం. నేలకు కొద్ది అడుగుల ఎత్తులో విమానం ముక్కును మెల్లగా ఎత్తి, చక్రాలు రన్‌వేను తాకేలా చేయడం పూర్తిగా కంటి పని. మీ నాన్నగారు ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడుతున్నారా అని చూడండి. ఆ అద్దంలో కింది భాగం చదవడానికి, పై భాగం దూరం చూడడానికి. దిగేటప్పుడు తల ఏమాత్రం ఎత్తి చూసినా రన్‌వే చదివే భాగంలోకి జారి మసకబారుతుంది, ఎత్తు అంచనా తప్పుతుంది. కాక్‌పిట్‌లో మీటర్లు ఎంత దూరంలో ఉన్నాయో టేపుతో కొలిచి, ఆ కొలత కంటి డాక్టరుకు ఇచ్చి, విమానం కోసమే వేరే కళ్లద్దాలు చేయించుకోవచ్చు. శుక్లాలు ఉంటే ఎండ ఎదురైనప్పుడు కళ్లు చెదురుతాయి. మామూలు కంటి పరీక్షలో అక్షరాలు చదివించినప్పుడు ఆ లోపం బయటపడకపోవచ్చు. ఇక రాత్రి ఎగరడం ఈ రోజు నుంచే మానేయమనండి. అరవై ఏళ్ల కంటి లోపలి పొరకు చేరే కాంతి ఇరవై ఏళ్ల కంటికి చేరేదానిలో సుమారు మూడో వంతే. దీనికి ఏ కళ్లద్దాలూ మందు కాదు.

మెడ కూడా చూపించండి. రన్‌వే వైపు ఆఖరి మలుపు తిరిగేముందు భుజం మీదుగా వెనక్కి చూడాలి. మెడ అరిగినవారు తల సగమే తిప్పుతారు. మిగతా సగంలో ఇంకో విమానం ఉండవచ్చు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మందులు. ప్రాణాంతక ప్రమాదాల్లో చనిపోయిన పైలట్ల రక్తపరీక్షలను అమెరికా రవాణా భద్రతా బోర్డు 2014లో విశ్లేషించింది. 1990లో దాదాపు పది శాతం మందిలో ఏదో ఒక మందు కనిపిస్తే, 2012 నాటికి అది నలభై శాతానికి దగ్గరైంది. వాటిలో ఎక్కువ మామూలు మందులే. మత్తు కలిగించేవాటిలో ఎక్కువగా దొరికింది డైఫెన్‌హైడ్రమిన్. అది చీటీ లేకుండా దుకాణాల్లో దొరుకుతుంది. ఎలర్జీ మాత్రల్లో ఉంటుంది, పేరు చివర ‘పీఎం’ అని ఉండే రాత్రిపూట నొప్పి మాత్రల్లోనూ ఉంటుంది. ఇది వేసుకుంటే 60 గంటలు గడిచేదాకా విమానం నడపకూడదని ఎఫ్‌ఏఏ సూచన. శుక్రవారం రాత్రి నిద్ర కోసం ఒక మాత్ర వేసుకుంటే ఆ వారాంతం మొత్తం పోయినట్టే.

మన ఇళ్లలో ఇంకో అలవాటుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో సెట్రిజిన్, అవిల్, జలుబు మాత్రల పట్టీలు తెచ్చుకుంటాం. డాలస్‌లో పుప్పొడి కాలం రాగానే అవి బయటికి వస్తాయి. సెట్రిజిన్‌ను ఎఫ్‌ఏఏ పైలట్లకు అనుమతించదు. ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ పడితే వాటిని వాడవచ్చు, అయితే మొదటిసారి నేల మీదే వేసుకుని మగత వస్తుందేమో చూసుకోవాలి. ఇండియా మాత్రల సంగతి ఆయన అక్కడి డాక్టరుకు చెప్పి ఉంటారా? చాలామంది చెప్పరు, అవి మందులన్న ఆలోచనే ఉండదు.

మీరు రాసిన మందుల్లో టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్‌లతో పెద్ద ఇబ్బంది లేదు. గ్లిమెపిరైడ్‌తో ఉంది. అది షుగర్‌ను మరీ కిందికి లాగేయగలదు. ఏకాదశి ఉపవాసమో, కార్తీక సోమవారమో ఉండి, అలవాటుగా మాత్ర వేసుకుని, మధ్యాహ్నం విమానమెక్కితే? షుగర్ పడిపోతే మామూలుగా ముందు చెమటలు, వణుకు వస్తాయి. కానీ పెద్ద వయసులో ఆ హెచ్చరికలు సరిగ్గా రాకుండానే వివేచన మందగించవచ్చు, మనిషి తాను బాగానే ఉన్నానని నమ్ముతూ తప్పు నిర్ణయాలు తీసుకుంటాడు. షుగర్ పడగొట్టని మరో మందుకు మారవచ్చేమో ఆయన డాక్టరును అడగండి. మార్చినా వెంటనే ఎగరకుండా కొన్నాళ్లు ఆగాలి. ఈలోగా ఇన్సులిన్ వాడే ప్రైవేట్ పైలట్లకు పెట్టిన క్రమశిక్షణనే ఆయనా పాటిస్తే మంచిది: బయల్దేరడానికి అరగంట ముందు, ఎగురుతున్నప్పుడు గంటకోసారి, దిగడానికి అరగంట ముందు షుగర్ చూసుకోవడం. అది 100కీ 300కీ మధ్య ఉండాలి.

నీళ్ల సంగతి కూడా అడగండి. విమానంలో బాత్రూం ఉండదని, ప్రొస్టేట్ ఇబ్బందితో మధ్యలో ఆగలేమని, చాలామంది పెద్దవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు. టెక్సస్ ఎండలో, అద్దాల కింద, బీపీ మాత్ర మీద అది కళ్లు తిరగడానికి దారితీస్తుంది. చలికాలంలో హీటరు ద్వారా ఇంజిన్ పొగ లోపలికి రావచ్చు, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే పరికరం తప్పనిసరిగా ఉండాలి.

ఇన్ని చెప్పాక ఒక భయం నన్ను వెంటాడుతూ ఉంటుంది. ఇవన్నీ చదివి ఆయన సర్టిఫికెట్ పోతుందేమోనన్న బెంగతో డాక్టరు దగ్గర నోరు విప్పకపోతే? ఛాతీలో పట్టేసినట్టు ఉండడం, క్షణంపాటు మాట తడబడడం, తెలిసిన దారిలోనే తికమకపడడం లాంటివి పైలట్లు దాచుకోవడం కొత్తేమీ కాదు. ఈ మూడింటిలో ఏది జరిగినా, లేదా ఒక్కసారైనా స్పృహ తప్పినా, ఆ రోజు నుంచే విమానం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. చికిత్స తర్వాత తిరిగి అనుమతి తెచ్చుకునే దారులు చాలా జబ్బులకు ఉన్నాయి. స్టెంట్ వేయించుకుని మళ్లీ ఎగిరినవాళ్లు ఎందరో ఉన్నారు. దాచుకున్న జబ్బుకే ఏ దారీ ఉండదు.

ఆయనతో మాట్లాడేటప్పుడు వయసు ఎత్తకండి. పొరపాటు ఏ వయసులోనైనా జరుగుతుంది. 2017లో నటుడు హారిసన్ ఫోర్డ్ 74 ఏళ్ల వయసులో కాలిఫోర్నియాలో రన్‌వే అనుకుని ట్యాక్సీవే (విమానాలు రన్‌వేకు వెళ్లే పక్క బాట) మీద దిగారు. కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని సరిగ్గానే అప్పజెప్పారు, అయినా పక్క బాట మీదికి దిగారు. ముప్పై ఏళ్లవాళ్లూ ఈ తప్పు చేస్తారు. అధికారులు ఆయన మీద చర్య తీసుకోలేదు. ఇంకో ఉదాహరణ కూడా చెప్పండి. భూమి చుట్టూ కక్ష్యలో తిరిగిన తొలి అమెరికన్ జాన్ గ్లెన్ తొంభై ఏళ్ల దాకా సొంత విమానం ఉంచుకున్నారు. దంపతులిద్దరికీ మోకాళ్ల ఆపరేషన్లయి, రెక్క మీదికి ఎక్కడం కష్టమవడంతో దాన్ని అమ్మేశారు. మీ నాన్నగారు కూడా ఇప్పటినుంచే తన హద్దులు తానే గీసుకోవచ్చు: పగలు మాత్రమే, వాతావరణం బాగున్నప్పుడే, పెద్ద విమానాశ్రయాల రద్దీకి దూరంగా, గాలి ఇంతకు మించితే వద్దని. తర్వాత కొన్నాళ్లకు పక్కన మరో పైలట్ ఉంటేనే ఎగరడం. ఆ హద్దులు ఆయన చేతే రాయించండి.

మీ అమ్మగారు మళ్లీ ఎక్కే రోజు వస్తే, పైలట్‌కు ఏమైనా జరిగినప్పుడు విమానాన్ని నిలకడగా ఉంచి, రేడియోలో సహాయం అడిగి, దించడమెలాగో పక్క సీటువాళ్లకు నేర్పే పొట్టి కోర్సులు అక్కడ ఉన్నాయి. ఆమెను తప్పకుండా చేర్పించండి. ఈ వారంలో మాత్రం ఒక పని చేయండి: ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఇండియా నుంచి తెచ్చినవీ ఆయుర్వేదం లేహ్యాలూ సహా, ఒక కాగితం మీద రాసి, పక్కన ఏ వేళ వేసుకుంటున్నారో కూడా రాసి, ఆ కాగితంతో ఆయనను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.