విశాఖలో బి.ఆర్క్ చదువుతూ అంతరిక్ష ఆవాసాల రూపకల్పనపై పరిశోధన చేయవచ్చా?

ఏరోస్పేస్ డిగ్రీ లేకపోయినా చేయవచ్చు, ఎందుకంటే గాలి, నీరు, వెలుతురు, నిద్ర, పని, ఏకాంతం అన్నిటినీ ఇరుకైన చోట ఎలా అమర్చాలన్నది ప్రధానంగా ఆర్కిటెక్ట్ ఆలోచించవలసిన విషయమే. అయితే నిర్మాణపు లెక్క మాత్రం పూర్తిగా మారుతుంది. భూమి మీద గోడ పైనుంచి దిగే బరువును మోస్తుంది. చంద్రుడి మీద గోడ ముందుగా లోపలి గాలిని పట్టి ఉంచాలి. మనం ఇక్కడ అలవాటుపడిన వాయుపీడనాన్నే లోపల ఉంచితే, ప్రతి చదరపు మీటరు గోడనూ సుమారు 10 టన్నుల బలం బయటికి నెడుతుంది కాబట్టి, చదునైన గోడలకు బదులు స్తూపాకారాలనో గోళాకారాలనో ఎంచుకుంటారు.

అధ్యయనానికి ఆర్కే బీచ్‌లోని ఐఎన్‌ఎస్ కుర్సుర జలాంతర్గామి మ్యూజియం చక్కని ఉదాహరణ. నీటిలో ఒత్తిడి బయటినుంచి పడుతుంది గనుక దాని నిర్మాణాన్ని యథాతథంగా పోల్చకూడదు. కానీ సన్నని నడవా, ఒకదానిపై ఒకటిగా అమర్చిన పడకలు, యంత్రాలను ఆనుకునే సాగే నివాసం కొలతలతో సహా గీసుకోదగినవి.

చంద్రుడి మట్టిని పైన కప్పితే ఆ బరువే లోపలి ఒత్తిడిని అణచి ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అక్కడి గురుత్వం భూమితో పోలిస్తే ఆరో వంతే కావడంతో, 3 మీటర్ల మందాన మట్టి పోసినా చదరపు మీటరుపై పడే భారం సుమారు ఒక టన్నుకు మించదు. ఆ పొర ముఖ్యంగా రేడియేషన్ నుంచి, సూక్ష్మ ఉల్కల నుంచి రక్షణ కోసం.