ప్లాస్టిక్ కవర్‌ని మట్టిలో పూడిస్తే ఎన్నేళ్లకు కలిసిపోతుంది? ‘కంపోస్టబుల్’ అని రాసి ఉన్నవి నిజంగా కుళ్లుతాయా?

నాలుగొందల ఏళ్లని ఒకరు, వెయ్యేళ్లని ఇంకొకరు చెప్తుంటారు. ఆ అంకెల్ని నేను పెద్దగా పట్టించుకోను. పాలిథిన్ పుట్టిందే 1933లో, వెయ్యేళ్లు ఎవరు చూశారు గనక! నా పెరట్లో చూసిందే చెప్తాను.

రెండేళ్ల కిందట ఎరువు గుంతలో ఒక చిరిగిన కాటన్ చొక్కా పడేశాను. కాటనే కదా, మట్టిలో కలిసిపోతుందని ధీమా. ఏడాది తర్వాత ఎరువు తవ్వుతుంటే పారకు ఏదో చుట్టుకుంది. లాగితే చొక్కా కుట్లు! బట్ట పోగు కూడా లేదు. కాలరు, జేబు, చేతుల అంచుల వెంట వేసిన దారం మాత్రం చొక్కా ఆకారంలోనే వేలాడుతూ బయటికొచ్చింది. గుండీలు చెక్కు చెదరలేదు. మెడ దగ్గరి లేబుల్ కడిగి చూస్తే సైజు కూడా చదవగలిగాను. ఆ దారం, లేబుల్ పాలిస్టర్‌వి, అంటే అవీ ప్లాస్టిక్కే.

కాటన్ అంటే సెల్యులోజ్, మొక్కల్లో ఉండే పీచు పదార్థం. దాన్ని తెంచే ఎంజైములు శిలీంధ్రాలకీ బ్యాక్టీరియాకీ ఎప్పటినుంచో ఉన్నాయి. పాలిథిన్‌లోని పొడవాటి కార్బన్ గొలుసులు వాటికి కొరుకుడుపడవు. సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌ని తినే బ్యాక్టీరియాని జపాన్ శాస్త్రవేత్తలు 2016లో ప్రకటించారు నిజమే, కానీ ల్యాబ్‌లో 30 డిగ్రీల దగ్గర పల్చటి ఫిల్మ్‌ని అరిగించుకోవడానికే దానికి ఆరు వారాలు పట్టింది. సీసా ప్లాస్టిక్ అంతకంటే మొండిది.

కంపోస్టబుల్ కవర్ కూడా అదే గుంతలో వేశాను. ఏడాదికి కాస్త రంగు మారిందంతే. ఇలాంటివాటిలో చాలావాటికి పీఎల్ఏ అనే, మొక్కల పిండి నుంచి తయారయ్యే ప్లాస్టిక్ కలుపుతారు, అది కుళ్లాలంటే 60 డిగ్రీలకు దగ్గరగా వారాల తరబడి వేడి ఉండాలి. పెద్ద కంపోస్ట్ ప్లాంట్లలో అది కుదురుతుంది, ఇంటి గుంతలో కష్టం.

ఎండలో పడేస్తే త్వరగా పోతుంది కదా అంటారు కొందరు. డాబా మీద వదిలేసిన మగ్గుని ఒకసారి ఎత్తబోతే పిడి చేతిలోనే పొడైపోయింది. అది కుళ్లడం కాదు, అతినీలలోహిత కిరణాలకు పెళుసెక్కి ముక్కలవడం. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కల్నే మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. మగ్గునైతే ఏరి పారేయొచ్చు, ఆ పొడిని ఎలా ఏరతాం?

గాజూ కుళ్లదు గానీ దాంతో నాకు టెన్షన్ లేదు, గుచ్చుకోకుండా చూసుకుంటే చాలు.

కాబట్టి కవర్లు పూడ్చకండి, రీసైక్లింగ్‌కి తీసుకునేవాళ్లుంటే కడిగి ఇచ్చేయండి. పాత బట్టలైతే కుట్లు, గుండీలు, లేబుళ్లు కత్తిరించాకే నేను గుంతలో వేస్తున్నాను. టీ బ్యాగులు వేసేవాళ్లు కూడా ఒకసారి తవ్వి చూడండి. కొన్నిటి అంచులు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో అతికిస్తారు, టీ పొడి, కాగితం కలిసిపోయాక సన్నటి వలలాంటిది మిగిలితే అదే.