బ్యాక్‌డ్రాప్ తీసేసి చూడండి

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఇష్టమైన సినిమాలను కథా వస్తువును బట్టి, కథ జరిగే చోటును బట్టి గుంపులుగా ఎలా కట్టాలని బెంగళూరు పాఠకులు వరసగా రాశారు. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

మేం తొమ్మిది తెలుగు కుటుంబాలం. నెలకో శనివారం ఒకరింట్లో చేరి సినిమా చూస్తాం. అందరి ఇష్టాలూ కలిపితే 140 సినిమాలు తేలాయి. ప్రేమ, కుటుంబం, యాక్షన్, కామెడీ అని విడదీస్తే ‘కుటుంబం’లోనే అరవై పడ్డాయి. ఇంకెలా విడదీయాలి? — ఒక పాఠకురాలు, మారతహళ్లి

‘కుటుంబం’ అనే గుంపు ఎప్పుడూ పొంగిపోతుంది. మన సినిమాల్లో కుటుంబం లేనిది ఎక్కడుంది? ఆ పేరు పెడితే దేన్నీ బయటికి తోయలేరు. ఒక పేరు కొన్ని సినిమాలను లోపలికి రానివ్వకపోతేనే అది గుంపు కింద లెక్క.

140తో ఒకేసారి కూర్చోకండి. అందరూ చూసినవి, బాగా గుర్తున్నవి నలభై తీయండి. పోస్టుకార్డులో సగం ఉండే అట్టముక్కలు నలభై కోసి, ఒక్కో సినిమాకు నాలుగు లైన్లు రాయండి. కథ జరిగే చోటు ఏది? మొదటి సీను నుంచి చివరి సీను దాకా ఎంత కాలం గడుస్తుంది? ఎవరికి ఏం కావాలి? దానికి ఏం అడ్డం? హీరో పేరు, డైరెక్టర్ పేరు అట్ట ముందు వైపు రాయొద్దు, వెనక రాసుకోండి. ముందు వైపు కనిపిస్తే చెయ్యి తెలియకుండానే ఒకే హీరో సినిమాలను ఒక దగ్గర పెట్టేస్తుంది. అరగంట తర్వాత చూస్తే గుంపుల బదులు అభిమాన సంఘాలు తయారై ఉంటాయి.

తర్వాత అసలు పరీక్ష. కథలోంచి బ్యాక్‌డ్రాప్ తీసేసి చూడండి. అదే కథను ఇంకో ఊళ్లో పెడితే నిలబడుతుందా? నిలబడితే ఆ సినిమా చోటును బట్టి కట్టిన గుంపులోది కాదు, పాయింట్‌ను, అంటే ఎవరికి ఏం కావాలి, దానికి ఏం అడ్డం అన్నదాన్ని బట్టి ఇంకో గుంపులోకి పోవాలి. కూలిపోతే చోటు గుంపులోనే ఉంచాలి.

అందరికీ తెలిసిన గోదావరినే తీసుకోండి. ‘గోదావరి సినిమాలు’ అని పేరు పెడితే ఇరవై అట్టలు వచ్చి పడతాయి. ‘అందాల రాముడు’ (1973), ‘గోదావరి’ (2006) రెండింట్లోనూ రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా నదిలో ప్రయాణం. ఒకరి ముఖం ఒకరు చూడటం ఇష్టం లేకపోయినా అదే రేవు దాకా కలిసి పోవాల్సిందే. నది తీసేస్తే ఆ ఇరుకు పోతుంది, ఇరుకు పోతే కథే లేదు. ‘మూగమనసులు’ (1964) కూడా అక్కడే ఉంటుంది. పడవ సుడిలో పడ్డప్పుడే కదా పోయిన జన్మ గుర్తుకొచ్చేది! ఇక ‘సాక్షి’ (1967) చూడండి. దాన్ని పులిదిండిలో తీశారు, హీరో బల్లకట్టు నడిపేవాడు. అంతా గోదావరే అనిపిస్తుంది. కానీ అక్కడ పాయింట్ వేరు. హత్య చూసి సాక్ష్యం చెప్పిన పిరికివాడి మీదకి హంతకుడు తిరిగొస్తుంటే ఊరు తోడు రాదు. ఆ కథ నీటిచుక్క లేని ఊళ్లోనూ నిలబడుతుంది. ‘సీతారామయ్యగారి మనవరాలు’ (1991) కూడా ఇంతే. తండ్రి పోయిన సంగతిని తాత దగ్గర దాచే మనవరాలి కథ అది, ఏ జిల్లాలో పెట్టినా నిలుస్తుంది.

అప్పుడు ‘గోదావరి సినిమాలు’ అన్న పేరు కొట్టేసి, క్రియాపదం వచ్చేలా పేరు మార్చండి. ‘పడవ దిగలేని వాళ్లు’, ‘ఊరు తోడు రాని మనిషి’, ‘ఇంట్లో నిజం దాచడం’ అన్నట్టుగా. నది, ఊరు, కాలేజీ లాంటి నామవాచకం పేరైతే ఏదైనా దూరిపోతుంది. క్రియ ఉంటే ఎవరు ఏం చేస్తున్నారో అడగాల్సి వస్తుంది, సగం అట్టలు వాటంతట అవే బయటికి పోతాయి.

ఒక గుంపులో ఎన్ని సినిమాలుండాలి? మాకు ‘ఇతరములు’ అన్న గుంపే అన్నిటికన్నా పెద్దదైంది. — ఒక పాఠకుడు, యలహంక

నాలుగు నుంచి ఎనిమిది. పది దాటితే పేరు వదులుగా ఉన్నట్టే, రెండుగా చీల్చండి. రెండే ఉంటే పారేయకండి, రబ్బరు బ్యాండు వేసి పక్కన పెడితే మూడోది ఎప్పుడో తగులుతుంది.

‘ఇతరములు’ పెరగడానికి మామూలుగా కారణం ఒకటే. అట్ట మీద రెండో లైను, అంటే కథ గడిచే కాలం, ఎవరూ శ్రద్ధగా రాయరు. ఆ గుట్టలోని అట్టలు తీసి ఒక్క కాలాన్ని బట్టే పేర్చి చూడండి. ఒక్క రాత్రిలో ముగిసేవి, కర్మకాండ రోజుల్లో ముగిసేవి, ఒక తరం నుంచి ఇంకో తరానికి పాకేవి అని గుట్ట విడిపోతుంది. మా అనుభవంలో అన్నిటికన్నా గట్టిగా నిలిచే గుంపులు గడువును బట్టి కట్టినవే.

తెలుగు, కన్నడ, మలయాళం సినిమాలు ఒకే గుంపులో కలపొచ్చా? ఇంట్లో మావాళ్లు ‘నేటివిటీ పోతుంది’ అంటున్నారు. — ఒక పాఠకురాలు, జయనగర్

తప్పకుండా కలపండి. నేటివిటీ ఎక్కడుందో కలిపినప్పుడే తెలుస్తుంది. మేం గట్టిగా సిఫారసు చేసే గుంపు ఒకటుంది: ‘పెద్దాయన పోయాక గడిచే రోజులు’.

‘బలగం’ (2023)లో కొమురయ్య పోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. మూడోనాడూ ముట్టదు, అయిదోనాడూ ముట్టదు, ఇంట్లో అందరి గుండెల్లో రాయి పడుతుంది. ఎప్పుడో విందులో నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన అలక ఇంటల్లుణ్ని ఇరవై ఏళ్లు దూరం పెట్టింది. పదకొండో రోజులోగా అది తీరాలి. కన్నడంలో ‘తిథి’ మండ్య వైపు ఊరి కథ. నూటొక్కేళ్ల సెంచురీ గౌడ కన్నుమూస్తాడు, అక్కడా పదకొండో రోజు భోజనాలే గడువు. ఆ లోపల మనవడు పొలం అమ్ముకోవాలి. దాని కోసం, బతికున్న తన తండ్రి చచ్చిపోయినట్టు కాగితం పుట్టించడానికి తిరుగుతాడు. మలయాళంలో ‘ఈ.మ.యౌ.’ చెల్లానం తీరంలో జరుగుతుంది. వానలో, ఒక్క రాత్రి, తండ్రికి ఘనంగా సాగనంపు జరిపిస్తానని మాటిచ్చిన కొడుకు కథ. హిందీలో ‘రాంప్రసాద్ కీ తెహర్వీ’ పేరులోనే పదమూడో రోజు ఉంది.

నాలుగింట్లోనూ చావు ఉంది. అయినా వాటిని కలిపేది చావు కాదు, గడువు. ఎవరూ తప్పించుకోలేరు, తేదీ ముందే ఖాయమైపోయింది. కాకి, శవపేటిక, ఊరి భోజనం, పదమూడు రోజులు తినిపించాల్సిన చుట్టాలు... నేటివిటీ అంటే ఇవి. నాలుగూ పక్కపక్కన పెడితేనే ఇవి కళ్లకు కడతాయి.

చూసే వరస కూడా ముఖ్యం. ‘తిథి’, ‘బలగం’ రెండూ దాదాపు రెండేసి గంటలవే, ఒకే సాయంత్రం చూడొచ్చు. కానీ ముందు ‘తిథి’ వేయండి. ‘బలగం’ చివర్లో కథ చెప్పేవాళ్లు పాడే పాట అయ్యాక గదిలో ఎవరి కళ్లూ పొడిగా ఉండవు, ఆ తర్వాత ఇంకో సినిమా ఎవరికీ ఎక్కదు. ఇంకో మాట. బెంగళూరులో పదేళ్లుగా ఉన్నాం, కన్నడం వచ్చు కదా అని సబ్‌టైటిల్స్ ఆపేయకండి. మండ్య పల్లె యాస ఊళ్లో ఆటోవాళ్లతో మాట్లాడే కన్నడం కాదు, సగం చమత్కారాలు చేజారతాయి.

రీమేకులను ఎక్కడ పెట్టాలి? ఒకే కథను రెండుసార్లు రాయాలా? — ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

రెండు అట్టలు రాయండి. పాయింట్ గుంపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, చోటు గుంపుల్లో ఎవరి దారి వారిది. రీమేకు దొరకడం అదృష్టం అనుకోండి, బ్యాక్‌డ్రాప్ తీసేసే పరీక్ష మీకోసం ముందే ఎవరో చేసి పెట్టారు.

‘మరో చరిత్ర’ (1978) విశాఖలో జరుగుతుంది, తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. అదే దర్శకుడు హిందీలో ‘ఏక్ దూజే కే లియే’ (1981) తీసినప్పుడు ఊరు గోవా అయింది, అమ్మాయి ఉత్తరాది పిల్ల అయింది. మారనివి ఏవో చూడండి: సముద్రం, ఒకరి భాష ఒకరికి రాకపోవడం, పక్కపక్క ఇళ్లు, ఏడాది ఎడబాటు షరతు. అంటే విశాఖ అక్కడ అవసరం కాదు, భాషా భేదం అవసరం. అది ‘మాట కలవని ప్రేమ’ గుంపులోది. ‘ఒక్కడు’ (2003) తమిళంలో ‘గిల్లీ’ (2004) అయినప్పుడు కర్నూలు బదులు మధురై వచ్చింది, చార్మినార్ చేసిన పనిని చెన్నై లైట్‌హౌస్ చేసింది. కబడ్డీ మాత్రం మారలేదు. పిల్లను ఎత్తుకొచ్చి ఇంట్లో దాచి, వెనక వచ్చేవాళ్ల నుంచి కాపాడటమే కథ, ఊరు ఏదైనా ఫరవాలేదు.

మన ఊరి ఉదాహరణ ‘యూ టర్న్’ (2016). డబుల్ రోడ్ ఫ్లైఓవర్ మీద డివైడర్ రాళ్లు పక్కకు జరిపి అడ్డంగా తిరిగే బండ్లు, ఆ రాళ్లను మళ్లీ సర్దకుండా పోయేవాళ్లు. అదే దర్శకుడు 2018లో తెలుగులో, తమిళంలో తీశాడు. రాళ్లు జరపడానికి వీలున్న ఫ్లైఓవర్ ఏ నగరంలో ఉన్నా చాలు. బెంగళూరు వాళ్లకు మొదటిది చూస్తే ఒళ్లు జలదరించేది రోజూ ఆ దారిన పోతాం కాబట్టి. అది చూసేవాళ్ల సంగతి, కథ సంగతి కాదు. ఈ తేడా పోకుండా ఉండాలంటే అట్ట మూలన ‘మన దారి’ అని చిన్న గుర్తు పెట్టుకోండి, దాన్ని గుంపుగా మాత్రం చేయకండి.

బెంగళూరులో తీసిన, మనవాళ్లు మెచ్చిన పాత సినిమా ఒకటి చెప్పండి. ఏ గుంపులో పెట్టాలి? — ఒక పాఠకుడు, కేఆర్ పురం

‘పుష్పక విమానం’ (1987). సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, మాటలు లేని సినిమా, హోటల్ భాగం విండ్సర్ మేనర్‌లో తీశారు. తమిళంలో ‘పేసుం పడం’ అని, హిందీలో ‘పుష్పక్’ అని విడుదలైంది. మూడు పేర్లున్నా సినిమా ఒక్కటే, అట్ట ఒక్కటే.

దాన్ని ‘మూకీ’ అనో ‘కామెడీ’ అనో పెట్టేయడం అన్యాయం. ఒక్క సీను చూడండి. లాడ్జి గదిలో ఉండే నిరుద్యోగి, డబ్బున్న తాగుబోతును తన గదిలో బంధించి, అతని పేరుమీద స్టార్ హోటల్‌కు మారతాడు. మెత్తటి పరుపు, చల్లటి గది, చప్పుడే లేదు. నిద్ర రాదు! లాడ్జి పక్కన సినిమా హాలు ఉండేది, ఆ ఫైటింగ్ చప్పుళ్లకే అతనికి నిద్ర అలవాటు. వెళ్లి ఆ చప్పుళ్లను టేపులో రికార్డు చేసుకొచ్చి, హోటల్లో పెట్టుకుని హాయిగా పడుకుంటాడు. చోటు మారినా మనిషి మారడని ఒక్క డైలాగ్ లేకుండా చూపించిన సీను అది. కనుక ‘ఇంకొకరి గదిలో బతకడం’ గుంపులో పెట్టండి. చోటు మాత్రం ‘బెంగళూరు’ అని కాకుండా ‘లాడ్జి, హోటల్’ అని రాయండి, ఆ రెండు గదులూ తీసేస్తే కథ లేదు.

మగధీర, మనం, ఈగ మూడూ పునర్జన్మ సినిమాలే కదా. మా గుంపులో గొడవైంది. — ఒక పాఠకురాలు, హెబ్బాళ

గొడవకు కారణముంది. పునర్జన్మ దారి మాత్రమే, ఎందుకు తిరిగొచ్చారో అడగండి. ‘ఈగ’ (2012) పగ తీర్చుకోవడానికి. ‘మనం’ (2014) విడిపోయిన జంటలను కలపడానికి. ‘మగధీర’ (2009)లో రెండూ ఉన్నాయి, రెండు గుంపుల్లోనూ పేరు రాయండి. ఒక సినిమా మూడు గుంపుల దాకా ఉండొచ్చు, నాలుగోది కావాలనిపిస్తే ఏదో ఒక గుంపు పేరు తప్పు.

అట్టలు చాలు, ఇక కంప్యూటర్‌లో ఎక్కిద్దాం అనుకుంటున్నాం. ఏ కాలమ్‌లు పెట్టాలి? — ఒక పాఠకుడు, మారతహళ్లి

పేరు పక్కన విడుదలైన సంవత్సరం తప్పనిసరి. ‘మల్లీశ్వరి’ 1951లో ఉంది, 2004లోనూ ఉంది. ‘దేవదాసు’ 1953లో, 1974లో, 2006లో. ‘గీతాంజలి’ 1989లో వచ్చింది ఒకటి, 2014లో వచ్చింది దెయ్యాల కామెడీ. ఏడాది లేకపోతే ప్రేమకథ వేద్దామని దెయ్యాన్ని పిలుస్తారు.

చోటుకు ఒక కాలమ్ చాలదు, రెండు పెట్టండి: కథ జరిగేది, షూటింగ్ జరిగింది. ‘మాయాబజార్’ (1957) కథ ద్వారకలో, షూటింగ్ మద్రాసు స్టూడియోలో. ‘రంగస్థలం’ (2018) కథ గోదావరి వైపు పల్లెలో, ఊరి సెట్ వేసింది హైదరాబాద్‌లో. కాలానికీ అంతే. ‘రంగస్థలం’ విడుదల 2018, కథ 1980లలోది. ఈ జంటలు కలిసిపోతే వెతుకులాటంతా తప్పుతోవ పడుతుంది.

డబ్బింగ్, ద్విభాషా చిత్రం, రీమేకు మూడూ వేరు వేరు మాటలు. డబ్బింగ్ అయితే అసలు భాషలో విడుదలైన ఏడాదే రాయండి. ‘మిస్సమ్మ’ (1955) లాంటివి తెలుగు, తమిళాల్లో వేర్వేరు నటులతో ఒకేసారి తీసినవి, వాటికి రెండు వరసలు కావాలి.

గుంపుల పేర్లన్నీ ఒకే గడిలో కామాలు పెట్టి కుక్కకండి. గుంపు–1, గుంపు–2, గుంపు–3 అని మూడు కాలమ్‌లు చేసి, పేర్లు టైప్ చేయకుండా ముందే రాసిపెట్టిన జాబితా నుంచి ఎంచుకునేలా డ్రాప్‌డౌన్ పెట్టండి. ‘నిజం దాచడం’ అని ఒకరు, ‘నిజం దాచటం’ అని ఇంకొకరు కొడితే కంప్యూటర్‌కు అవి రెండు గుంపులు. నిడివి కాలమ్ కూడా పెట్టండి. ‘మాయాబజార్’ మూడు గంటలు దాటుతుంది. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి మధ్యలో భోజనాలకు నలభై నిమిషాలు ఇస్తే పది దాటిపోతుంది, పిల్లలున్న ఇంట్లో అయితే అయిదింటికే మొదలుపెట్టడం మంచిది.