ఫోను నిద్రపోతే మనిషి నిద్రపోయినట్టేనా?

ఒంగోలు

శ్రావణికి, మామయ్య ఆశీస్సులు.

నీ పరిశోధన ప్లాను పూర్తిగా చదివాను. కొండపి, టంగుటూరు వైపు పొగాకు రైతులు, ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటల వాళ్ళు... వాళ్ళ ఫోన్లలో యాప్ పెట్టి నిద్ర, కదలిక, పని లెక్కలు తీస్తానంటున్నావు. తియ్యి. కానీ ఆ నిద్ర లెక్క దగ్గర కాస్త ఆగు.

2013లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో 48 మంది విద్యార్థుల మీద పది వారాలు జరిగిన స్టూడెంట్‌లైఫ్ అధ్యయనం పద్ధతే నువ్వూ తీసుకున్నట్టున్నావు. ఫోను లాకయి ఉందా, చుట్టూ చీకటా, కదలికా చప్పుడూ లేవా అని చూసి నిద్ర అంచనా కట్టడం. హాస్టల్ పిల్లల ఫోను దిండు పక్కనే ఉంటుంది కాబట్టి అక్కడ నడిచింది. గుంట మీద మనిషి సంగతి వేరు. నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది, పెట్టుబడంతా నీళ్ళపాలు. అందుకని ఆయన టార్చి పట్టుకుని గట్ల మీద తిరుగుతుంటాడు, ఫోనేమో షెడ్డులో చార్జింగ్‌లో పడి ఉంటుంది. నీ యాప్ దాన్ని చక్కగా నిద్ర కింద రాసుకుంటుంది! పగలు తెప్ప మీద మేత చల్లేటప్పుడూ అంతే. నీళ్ళలో పడుతుందని ఫోను గట్టున పెట్టి దిగుతాడు. ఒళ్ళు హూనమయ్యే పని నీ లెక్కలో విశ్రాంతి అయిపోతుంది.

పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఇది తిరగబడుతుంది. ఆ ఆరబెట్టడం, అదే క్యూరింగ్, మొదలైతే అయిదారు రోజులు వేడి చూసుకుంటూ మెల్లగా పెంచుకుంటూ పోవాలి. రాత్రిళ్ళు మంచం బ్యారన్ ముందే. ఓ కునుకు తీస్తారు, లేస్తారు, కట్టె ఎగదోస్తారు, నిద్ర ఆపుకోవడానికి సినిమా పెట్టుకుంటారు. అర్ధరాత్రి ఫోను వెలుగుతోందంటే ఫోను పిచ్చి అనుకునేవు, అక్కడ అది కాపలా. కాబట్టి సీజన్లో కొన్ని వారాలు, సీజన్ అయ్యాక కొన్ని వారాలు తీసుకో. ఒక్క సీజన్ చూసి ‘ఈ ప్రాంతపు రైతులు’ అని రాశావంటే నేనే ఒప్పుకోను.

సెన్సర్ ఫోను సంగతే చెబుతుంది. మనిషి సంగతి మనిషినే అడగాలి. రోజుకి రెండు మూడుసార్లు యాప్ చిన్న ప్రశ్నలు అడిగేట్టు పెట్టు: ఇప్పుడేం చేస్తున్నారు, ఇందాకటి దాకా ఫోను ఎక్కడుంది? రెండో ప్రశ్న వదలొద్దు. టైపు చెయ్యమనకు, నోటితో చెప్పనియ్యి.

ఆడవాళ్ళ దగ్గర ఇంకో చిక్కు. పొగాకు ఆకుని రకాలుగా వేరుచేసే గ్రేడింగుకి వచ్చినామె ఫోను సంచిలో పెట్టి వేపకొమ్మకి తగిలిస్తుంది, సాయంత్రం ఇంటికెళ్ళగానే పిల్లోడు గేముకి లాక్కుంటాడు. ఆ డేటా ఎవరిది? వాళ్ళ విషయంలో సెన్సర్‌ని నమ్ముకోకు, పక్కన కూర్చుని మాట్లాడు.

ఇక యంత్రం సంగతులు. ప్రతి ఫోనునీ బల్ల మీద వెల్లకిలా పెట్టి కదలికని కొలిచే యాక్సిలరోమీటర్ చూడు, భూమి ఆకర్షణ లెక్క 9.8కి దగ్గరగా రావాలి. తేడా ఉంటే ఆ ఫోను పక్కన రాసుకో. చవక ఫోన్లలో గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ ఉండదు, కొన్నింట్లో ఫోను ఎటు తిరిగిందో చెప్పే గైరోస్కోపూ ఉండదు, వాటి మీద ఏ లెక్కా కట్టకు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచీ వాడకుండా పెట్టిన ఫోనులో యాప్‌లని నిద్రపుచ్చడం మొదలైంది, కంపెనీల బ్యాటరీ సేవర్లు అంతకన్నా మొండివి. ఎక్కించిన రోజే సెట్టింగుల్లోకెళ్ళి నీ చేత్తో నువ్వే మినహాయింపు పెట్టు. జీపీఎస్‌ని ఊరికే తిప్పకు, కదలిక కనిపించినప్పుడే ఆన్ అవ్వాలి. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతే సాయంత్రానికి నీ యాప్ తీసేస్తారు. డేటా రాని గంటల్ని ‘కదలిక లేదు’ అని మాత్రం నింపకు. చార్జింగ్ అయిపోయిందా, యాప్ ఆగిందా తెలిసేట్టు యాప్ బతికే ఉందన్న గుర్తు పదినిమిషాలకోసారి రాయించు.

పేర్లు తీసేస్తే చాలనుకోకు. 2013లో పదిహేను లక్షలమంది సెల్‌ఫోన్ రికార్డులు చూసిన ఒక అధ్యయనంలో చోటూ వేళా కలిపి నాలుగు గుర్తులుంటే 95 శాతం మందిని విడిగా పట్టెయ్యొచ్చని తేలింది. మన ఊళ్ళలో నాలుగెందుకు, రాత్రి ఫోను ఏ షెడ్డులో ఉందో చూస్తే ఎవరిదో టీ కొట్టు దగ్గర చెప్పేస్తారు. ఆ మనిషి వడ్డీ వ్యాపారి గుమ్మానికి ఎన్నిసార్లు వెళ్ళాడో, వైన్ షాపు దగ్గర ఎంతసేపున్నాడో కూడా అదే ఫైల్లో ఉంటుంది. రేపు పంట కొనేవాడెవడో వచ్చి ‘కాస్త చూపించండి’ అనొచ్చు. అందుకే ఇల్లు, పని, బయట అన్న మూడు మాటలుగా ఫోనులోనే మార్పించి అసలు లొకేషన్ అక్కడే చెరిపించు. మైకు వద్దనే నా సలహా. తప్పదంటే మాట వినబడిందా లేదా అన్నదొక్కటే ఫోను లోపలే తేల్చాలి, గొంతు రికార్డు కాకూడదు.

అంగీకార పత్రం చదివి వినిపించి సంతకం పెట్టించుకోవడంతో సరిపెట్టకు. రెండ్రోజులు యాప్ నడిచాక ఎవరి మ్యాపు వాళ్ళకి చూపించి, ఇప్పుడు చెప్పండి, ఉంచమంటారా తీసెయ్యమంటారా అని మళ్ళీ అడుగు. కొందరు తీసెయ్యమంటారు. తీసెయ్యి. మన దేశపు 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే. పరిశోధనకి కొంత వెసులుబాటు ఉందని ఎవరైనా అన్నా, తల్లిదండ్రులు ఒప్పుకోనిదే వాళ్ళ జోలికెళ్ళకు. నెట్ రీచార్జి డబ్బులు నువ్వే పెట్టుకో, అది బేరమాడే విషయం కాదు.

యాప్ ఎక్కించే ముందు ఒక రాత్రి బ్యారన్ దగ్గర, ఒక రాత్రి గుంట గట్టు మీద కూర్చో. సంక్రాంతి దాటాక వస్తే క్యూరింగ్ జోరుగా ఉంటుంది. కొండపిలో తెలిసిన రైతుతో నేను మాట్లాడి పెడతాను, ఏ వారం వస్తావో ముందుగా ఫోన్ చెయ్యి.

నీ మామయ్య