హెచ్‌ఐవీ పాఠం చెప్పబోయే శైలజకు

చి. శైలజకు ఆశీస్సులు.

మీ హైస్కూల్లో హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్‌గా నీ పేరు రాశారని, లైంగిక ఆరోగ్యం, హెచ్‌ఐవీ పాఠాలు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. చెప్పాల్సిన విషయం ట్రైనింగ్‌లో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఎలా చెప్పాలో నేను రాస్తాను. హెచ్‌ఐవీ ఉన్న పిల్లో పిల్లాడో ఆ క్లాసులోనే కూర్చుని వింటున్నారనుకుని ప్రతి మాటా మాట్లాడు. దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తల్లి నుంచి సోకి, రోజూ మందు వేసుకుని బడికి వచ్చే పిల్లలు మన ఊళ్ళలో ఉన్నారు. మీ క్లాసులో ఉన్నారో లేదో నీకు తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు.

అలా అనుకున్నావంటే 'చెడు తిరుగుళ్ళ వల్ల వచ్చే రోగం' అన్న మాట నీ నోట రాదు. ఆ పిల్ల తల్లిని అన్నట్టే కదా! గోడకు పుర్రె బొమ్మ అంటించవు. 'మందు లేదు' అని పాఠం మొదలుపెట్టవు. పూర్తిగా నయం చేసే మందు లేని మాట నిజమే. కానీ 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే చికిత్స కేంద్రాలు) మందులు ఉచితంగా ఇస్తున్నారు. మానకుండా వాడితే చదువు, ఉద్యోగం, పెళ్ళి అందరిలాగే. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే ఉంటే సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు. తల్లి సరిగ్గా మందులు వాడితే బిడ్డకు సోకే అవకాశం 5 శాతం లోపుకు దిగుతుంది. ముందు ఇవి చెప్పి, తర్వాత సోకే నాలుగు దారులకు రా: రక్షణ లేని సెక్స్, పరీక్ష చేయని రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు. భయపెడితే జాగ్రత్తపడతారని మా తరం టీచర్లు చాలామంది నమ్మారు. భయపడ్డవాళ్ళు పరీక్ష చేయించుకోవడానికి కూడా వెళ్ళరు.

కండోమ్ అన్న మాట మింగెయ్యకు. పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠంలోనే ఉంది. 'ఇంటి దగ్గర చదువుకోండి' అని ఆ పేజీలు తిప్పేసేవాళ్ళు నీకు స్టాఫ్‌రూమ్‌లోనే కనిపిస్తారు, పట్టించుకోకు. హెడ్మాస్టర్‌కు మాత్రం ముందే చెప్పు. తల్లుల్ని ఒకరోజు పిలిచి ఏం చెప్పబోతున్నావో వాళ్ళకూ చెప్పు. ఎవరో ఒకరు 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని ఆ పాత ప్రచారం గుర్తుచేసి నవ్విస్తారు. నవ్వనీ. ఆ నవ్వుతో సగం బిడియం పోతుంది.

గ్లాసుల ఆట నీకు తెలిసే ఉంటుంది. అన్నింట్లో నీళ్ళు, ఒక్కదాంట్లో మాత్రం వైరస్‌కు బదులు కాస్త పలచటి సోడియం హైడ్రాక్సైడ్. ఒకరి నీళ్ళు ఒకరు కలుపుకున్నాక ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే కొన్ని గులాబీ రంగుకు తిరుగుతాయి. హెచ్‌ఐవీ ఎవరికుందో పైకి చూసి చెప్పలేమన్న సంగతి ఇంతకంటే బాగా చూపించలేం. కానీ రంగు రాగానే పిల్లలు 'ఎవరితో మొదలైంది?' అని వెతుకుతారు, ఆ దొరికిన పిల్లను వారమంతా ఏడిపిస్తారు. అందుకని గ్లాసులు వాళ్ళ చేతికివ్వకు. బల్ల మీద పెట్టి, పేర్ల బదులు అంకెలు అంటించి నువ్వే కలుపు. అవి చేతులు పెట్టే నీళ్ళు కూడా కావు.

ప్రశ్నలు చీటీల మీద రాయించు. అడిగేది లేనివాళ్ళూ 'ప్రశ్న లేదు' అని రాయాలి, అప్పుడే రాసిందెవరో తెలియదు. ఇంటికి తెచ్చుకుని చదివి మర్నాడు జవాబివ్వు. దోమల వల్ల వస్తుందా అని అడుగుతారు, రాదు. మగపిల్లలు నిద్రలో వీర్యం పోతే బలం పోతుందా అని అడుగుతారు. పోదని గట్టిగా చెప్పు. బస్టాండ్ గోడల మీద 'నరాల బలహీనత' ప్రకటనలవాళ్ళకు గిరాకీ ఈ భయంతోనే. ఇలాంటివి మీ బడిలో ఇంకో అంబాసిడర్‌గా ఉన్న మాస్టారు చెప్తే ఇంకా మంచిది. నెలసరి గురించి మాత్రం మగపిల్లలూ వినాలి.

పాఠం అయ్యాక ఎవరో ఒకరు నీ దగ్గరికి విడిగా వస్తారు. వచ్చిన వెంటనే 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకు. తనకు హెచ్‌ఐవీ ఉందని చెప్తే ఆ మాట హెడ్మాస్టర్ దాకా కూడా వెళ్ళకూడదు. అనుమతి లేకుండా బయటపెట్టడం, ఆ కారణంతో బడిలో వేరుగా చూడటం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. అదే పిల్ల తన మీద ఎవరో చెయ్యి వేశారని చెప్తే, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే నీ మీదే కేసు. ఇంట్లోవాళ్ళను పిలిచి సర్దుబాటు చేద్దామని పెద్దమనుషులు వస్తారు, వినకు. ఏం చెయ్యబోతున్నావో ముందు ఆ పిల్లకే నెమ్మదిగా చెప్పు. 1098 పిల్లల హెల్ప్‌లైన్, 1097 హెచ్‌ఐవీది. రెండూ పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించు.

జవాబు తెలియని చీటీలు వస్తే నాకు వాట్సాప్ చెయ్యి. ఫొటో తీసి పంపకు, చేతిరాత పట్టిస్తుంది. ప్రశ్న టైప్ చేసి పంపు.

మీ బయాలజీ మేడమ్