నాలుగేళ్లుగా కొలాజ్‌లు చేస్తున్నాను, నాదంటూ ఒక శైలి రావడం లేదు. కోర్సు చేయాలా?

"అందరూ బాగుందంటారు, కానీ ఎవరిదో చూసి చేసినట్టుందని నాకే అనిపిస్తుంది" అని రాశారు. ఈ బాధ నేను దాదాపు ఐదేళ్లు పడ్డాను. ముందు నా సంగతి చెప్తాను, కోర్సు విషయం తర్వాత.

నేను ఫైన్ ఆర్ట్స్ చదవలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు కొనుక్కోవడం, రాత్రిళ్లు కూర్చుని కత్తిరించి అంటించడం. ఆడమనిషి మెడ మీద చేప తల, చార్మినార్ పైన తిమింగలం, పగిలిన గడియారంలోంచి పూలు. మూడేళ్లలో అలాంటివి ఎనభై దాకా చేసి ఉంటాను. ఫోన్లో పెడితే లైకులు బాగానే వచ్చేవి. ఇప్పుడు తీసి చూస్తే వాటిలో నావనదగ్గవి రెండో మూడో. మిగతా వాటిలో ఉన్న అందమంతా ఆ ఫొటోలు తీసినవాళ్లది, నేను పక్కపక్కన పెట్టానంతే.

తర్వాత మిక్స్‌డ్ మీడియా పిచ్చి పట్టింది. బొత్తాలు, లేసు, ఇసుక, యాక్రిలిక్ రంగులు, కాఫీ మరకలు, తుప్పు పట్టిన తాళంచెవి, అన్నీ ఒకే బోర్డు మీద. ఒక ఫ్రెండు చూసి "ఇది బొమ్మా, ఫ్యాన్సీ షాపా?" అంది. వారం రోజులు దానితో మాట్లాడలేదు. మాట మాత్రం నిజమే.

అసలు మార్పు ఒక దొంగతనంతో వచ్చింది. మా అమ్మ తెనాలిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది. పాత న్యూస్ పేపరు మీద చేతి ముక్క, వీపు ముక్క, ముందు ముక్క కత్తిరించుకుని, గోడ మేకుకు గుచ్చి పెట్టుకుంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ కట్టలోంచి ఓ పది ముక్కలు చెప్పకుండా తెచ్చేసుకున్నాను.

వాటిలో ఒక చేతి ముక్క ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పసుపెక్కిన కాగితం. పైన భుజం వంపు, అడుగున తిన్నటి కోత. మధ్యలో బంగారం ధరలు, సినిమా ప్రకటనలో సగానికి తెగిన హీరో ముఖం. వాటి మీదుగా నీలం బాల్‌పెన్నుతో అమ్మ రాత: "ఎదురింటి అత్తయ్య, చెయ్యి 9, లూజు 11½, కుట్టు ఎక్కువ వదలాలి." అంచు వెంట గుండుసూది చిల్లులు. దానికి నేను చేర్చాల్సింది ఏమీ కనబడలేదు. లేత బూడిదరంగు బోర్డు మీద అంటించి, కింద ఎర్ర దారంతో ఒక్క కుట్టు వేసి వదిలేశాను.

పదిరోజులకు అమ్మ ఫోన్. "ఎదురింటావిడ చేతి ముక్క కనబడట్లేదే, నువ్వేమన్నా తీశావా?" అంటించేశానని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. "సర్లే, ఎలాగూ ఆవిడ ఒళ్లు చేసింది, కొత్త కొలత తీసుకుంటా" అంది. నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి అడక్కుండా ఒక్క ముక్క తెచ్చుకోలేదు. ఇప్పుడు పాతబడ్డవి తనే కవర్లో వేసి పంపిస్తోంది, పైన "పనికిరానివి" అని రాసి.

తర్వాత రెండేళ్లు పత్రికలు ముట్టుకోలేదు. కటింగ్ పేపర్లు, దారం, టైలర్ చాక్, కార్బన్ పేపరు, ఇవే. మొదటి మూడు నెలలు చేతులు కట్టేసినట్టుంది. ఆ తర్వాతే ఒక చంక వంపును నిలువుగా పెడితే కొండ, అడ్డంగా పెడితే పడవ అవుతుందని కనబడటం మొదలైంది.

పెద్ద కళాకారుల పని కూడా అప్పుడే అర్థమైంది. జర్మనీలో కుర్ట్ ష్విటర్స్ ట్రామ్ టికెట్లు, చిత్తుకాగితాలు ఏరి అంటించాడు. 1919లో ఒక బ్యాంకు ప్రకటన కత్తిరించగా మిగిలిన "మెర్జ్" అన్న ముక్కనే తన కళకు పేరుగా పెట్టుకున్నాడు. ఫ్రెంచ్ చిత్రకారుడు మతిస్ 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక రంగు పూసిన కాగితాలను పెన్సిల్ గీత లేకుండా నేరుగా కత్తెరతో కోసేవాడు. మా అమ్మ కూడా ఇప్పుడు చంక వంపు గీయదు, కోసేస్తుంది. శాంతినికేతన్‌కు చెందిన వినోద్ బిహారీ ముఖర్జీ చూపు పోయాక కూడా కాగితం ముక్కలతో కొలాజ్‌లు చేశాడు. వీళ్లవి ఇంతకుముందూ చూశాను, కానీ అప్పట్లో రంగులు మాత్రమే కాపీ కొట్టాను.

మీకూ ఇలాంటిదే ఉండొచ్చు. మీ నాన్నగారు ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరయ్యారని ప్రశ్నలో ఊరికే రాసినట్టున్నారు. నా కళ్లు మాత్రం అక్కడే ఆగాయి. ఇంట్లో ఆయన చేతిరాత ఉన్న కాగితాలేమైనా ఉంటే అడిగి తీసుకోండి. అడిగి, నాలా కాదు.

ఇక జిగురు. మొదట్లో మైదా జిగురు వాడాను, వానాకాలంలో రెండు బొమ్మలు సిల్వర్ ఫిష్ పురుగులు తినేశాయి. బైండింగ్ వాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు, కానీ అది విషం, ఇంట్లో పిల్లలుంటే వద్దు. ఇప్పుడు ఫెవికాల్‌ను కొద్దిగా నీళ్లతో పలచన చేసి వాడుతున్నాను. బోర్డు వంగిపోతోందన్నారు కదా, వెనకవైపు కూడా అదే జిగురుతో ఒక కాగితం అంటించండి, రెండువైపులా సమానంగా లాగుతుంది. న్యూస్ పేపరు ఎలాగూ పసుపెక్కుతుంది, దాని గుజ్జులో లిగ్నిన్ అనే కలప పదార్థం అలాగే ఉండిపోతుంది కాబట్టి. పోకూడదనుకున్న ముక్కను లేజర్ ప్రింట్ తీసి దాన్ని అంటించండి. ఇంక్‌జెట్ ప్రింట్ తడి తగిలితే కారిపోతుంది.

కోర్సంటారా, జిగురు, ట్రాన్స్‌ఫర్ (అచ్చుబొమ్మను బోర్డు మీదికి దింపడం) లాంటివి నేర్చుకోవడానికి రెండు రోజుల వర్క్‌షాప్ చాలు. శైలి కోసమైతే ఆ డబ్బు దాచుకోండి. నేనూ ఒక పెద్ద ఫీజు కట్టి ఆరు వారాలు వెళ్లాను. బయటికొచ్చాక మా బ్యాచ్‌లో పన్నెండు మంది పనీ ఒకేలా ఉంది.

ఒక్కోదానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. లెక్కలేదు. ఒకటేమో రెండు రాత్రుల్లోనే అయిపోయింది. ఇంకొకటి ఉగాది నుంచి బల్ల మీదే ఉంది, మెడ ముక్క ఎటు తిప్పి పెట్టాలో ఇంకా తేలలేదు.