కొత్తిమీర కట్టకు లెక్క, లక్షలకు లేదు

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు పాఠశాలలో టీచరును, జీతం 24 వేలు. పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు. మావారు ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. నాలుగేళ్ల క్రితం స్నేహితులను చూసి షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్, అంటే షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం కాసినట్టు చేసే ట్రేడింగ్, మొదలుపెట్టారు. మొదట్లో కాస్త వచ్చింది, తర్వాత అంతా పోయింది. నాకు తెలిసి ఇప్పుడు పద్నాలుగు లక్షల అప్పు. అందులో ఆరు లక్షలు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. నా నగలు తాకట్టులో ఉన్నాయి. పెళ్లయిన నెల నుంచీ నా ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది. రాత్రి నా ఫోను తీసుకుని ఎవరితో మాట్లాడానో చూస్తారు. కూరగాయలకు ఇచ్చిన రెండు వందలకు సాయంత్రం లెక్క చెప్పాలి. మొన్న కొత్తిమీర కట్ట పది రూపాయలంటే నమ్మక, బండి దగ్గరికి వెళ్లి అడిగి వచ్చారు. కొట్టరు. ఒక్కసారి మాత్రం ఫోను గోడకేసి కొట్టారు. ఇప్పుడు నా పేరు మీద ఐదు లక్షల పర్సనల్ లోను తీసివ్వమంటున్నారు, పోయిందంతా మూడు నెలల్లో రాబడతారట. సంతకం పెట్టకపోతే ఏమైనా చేసుకుంటానంటున్నారు. మగవాడు కష్టంలో ఉన్నప్పుడు భార్య కాకపోతే ఎవరు ఆదుకుంటారని అత్తయ్య అంటున్నారు. నేను కాదంటే స్వార్థమవుతుందా? ఈ ఉత్తరం తోటి టీచరు ఫోను నుంచి పంపుతున్నాను.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి కేవలం తేదీల కోసం చదివాను. షేర్ల బెడద నాలుగేళ్ల నాటిది. కార్డు మీ చేయి దాటి వెళ్లింది పదకొండేళ్ల క్రితం. అప్పుల వల్ల ఆయన ఇలా అయ్యారని మీరూ, మీ అత్తగారూ సర్దిచెప్పుకుంటున్నారు. అప్పు రూపాయి కూడా లేని రోజుల్లోనూ మీ జీతం ఆయన జేబులోనే ఉంది కదా. రేపు ఏ అదృష్టమో కలిసొచ్చి పద్నాలుగు లక్షలూ తీరిపోయినా కార్డు తిరిగి మీ చేతికి వస్తుందన్న నమ్మకం నాకు లేదు. అందుకే ఈ రెండు ముడులనూ విడివిడిగా చూద్దాం.

చితికిన ఇళ్లను చాలా చూశాను. టిఫిన్ సెంటర్ పెట్టి నష్టపోయిన ఒక జంట నా దగ్గరికి వచ్చేవారు. అప్పులవాళ్ల పేర్లన్నీ పాత క్యాలెండర్ వెనక ఆయన చెబుతుంటే ఆవిడ రాసింది. ఆ ఇంట్లోనూ కొత్తిమీరకు లెక్క ఉండేది. అయితే ఆయన కాల్చే సిగరెట్టు కూడా అదే కాగితం మీదికి ఎక్కేది. మీ ఇంట్లో పది రూపాయలకు సాక్షి కావాలి, లక్షలకు కాగితం లేదు. 'నాకు తెలిసి' పద్నాలుగు లక్షలు అని రాశారు చూడండి, ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అకౌంట్స్ చూసే మనిషి భార్యకు ఇంటి అప్పు అంచనాగా తప్ప తెలియదు.

దీనికి చట్టంలో పేరుంది. గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం శారీరక, మానసిక హింసల పక్కనే ఆర్థిక హింసనూ చేర్చింది. మీకు హక్కున్న డబ్బు మీకు అందకుండా చేయడం, స్త్రీధనాన్ని మీ ప్రమేయం లేకుండా వదిలించుకోవడం అందులోకే వస్తాయి. కేసు పెట్టమని తొందరపెట్టడం లేదు. 'కొట్టరు' అని మీరు ఆయన తరఫున వెంటనే ఇచ్చిన సంజాయిషీ చూసి ఇది చెప్పాలనిపించింది.

ఇక సంతకం. పెట్టకండి. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఆరు లక్షల మీద నెలకు 18 వేలు వడ్డీకే పోతుంది, అసలు అంగుళం కదలదు. దాని మీద ఇంకో ఐదు లక్షలు, 16 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువు పెట్టుకున్నా నెలకు 12 వేల పైచిలుకు వాయిదా. మీ జీతంలో సగం. ఆ ఐదు లక్షలు పాత అప్పు తీర్చడానికైతే కనీసం కూర్చుని మాట్లాడుకోవచ్చు. మళ్లీ అదే మార్కెట్లో పెట్టడానికట! పోయిన చోటే వెతుక్కోవాలనే సామెత ఉంగరానికి పనికొస్తుంది గానీ ఆప్షన్స్‌కు కాదు. 2021-22 నుంచి మూడేళ్ల పాటు ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో తేల్చింది. పైగా ఆయన చేసిన అప్పులకు మీరు సహ రుణగ్రహీతగానో హామీదారుగానో సంతకం చేయనంతవరకు బ్యాంకు మీ జీతం జోలికి రాలేదు. ఇంట్లో వాయిదాల కోత పడని జీతం ఒక్కటి మిగిలి ఉండాలి, పిల్లల ఫీజు దానిలోంచే కట్టాలి. దాన్ని కాపాడుకోవడం స్వార్థమైతే కానివ్వండి.

'ఏమైనా చేసుకుంటాను' అన్న మాట దగ్గర రెండు రకాల పొరపాట్లు చూస్తుంటాను. ఉత్త బెదిరింపేలే అని వదిలేసేవాళ్లు కొందరు. భయపడి అడిగిన కాగితం మీదల్లా సంతకం పెట్టేవాళ్లు ఇంకొందరు. మీరు ఆ మాటను నిజమనే తీసుకోండి. అందుకే దాన్ని మీలో దాచుకోకండి. ఆయన అన్నదమ్ముల్లో గానీ స్నేహితుల్లో గానీ ఆయన మాట వినే ఒకరికి ఈరోజే చెప్పండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ప్రమాదం కళ్లెదుటే ఉందనిపిస్తే 112. మానలేక మళ్లీ మళ్లీ పందెం కాయడం కూడా వైద్యం ఉన్న జబ్బే, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లగలిగితే మంచిది. అప్పు ఇంకో ఐదు లక్షలు పెరిగితే మాత్రం ఆయన ప్రాణానికి భద్రత పెరగదు. అత్తగారికి చెప్పాల్సిన మాట కూడా ఇదే.

మీరు అడగనిది ఒకటుంది. మీ ఫోను ఆయన చేతికి వెళుతుందంటే మీ ఓటీపీలూ వెళుతున్నట్టే. ఆధార్, పాన్ నంబర్లు ఆయనకు ఎలాగూ తెలుసు. మీ పేరు మీద ఇప్పటికే ఏదైనా లోన్ యాప్‌లో అప్పు పుట్టిందేమో చూడాలి. సిబిల్ వంటి సంస్థలు ఏడాదికి ఒకసారి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. అందులో మీ పేరున ఉన్న అప్పులు కనిపిస్తాయి. దాని కోసం వచ్చే ఓటీపీ ఆయన కంట పడకుండా బడిలో ఉన్నప్పుడే చూసుకోండి, మెసేజీ తుడిచేయండి. మీరు తీసుకోని అప్పు ఏదైనా కనిపిస్తే వెంటనే న్యాయవాదిని కలవండి. ఆలస్యమైతే అది మీ అప్పే అని అందరూ నమ్ముతారు.

నగల తాకట్టు రసీదు ఎవరి పేరున ఉందో చూసి ఫొటో తీసుకోండి. వేలం నోటీసు ఆ పేరు మీదికే వస్తుంది. స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. మూడు రూపాయల వడ్డీ ఆగాలంటే కొన్ని నగలు అమ్మి అసలు తగ్గించుకోవడం చెడ్డ ఆలోచన కాదు. అయితే ఆ మాట మీ నోటి నుంచి రావాలి, అమ్మిన డబ్బు మీ కళ్ల ముందే వడ్డీవాడి చేతికి వెళ్లి ప్రామిసరీ నోటు చిరగాలి.

పిల్లల జనన ధ్రువపత్రాలు, మీ సర్టిఫికెట్ల నకళ్లు పుట్టింట్లోనో స్నేహితురాలి దగ్గరో ఉంచండి. వేరే బ్యాంకులో మీ ఒక్కరి పేరున ఖాతా తెరవండి. జీతం ఆ ఖాతాకు మార్చమని బడిలో చెప్పడం మాత్రం కాస్త ఆగి చేయాలి. ఒకటో తేదీన జీతం పడిన మెసేజీ రాకపోతే ఆ సాయంత్రం మీ ఇంట్లో ఏం జరుగుతుందో మీకే బాగా తెలుసు. ఆరోజు గోడకు తగిలింది ఫోనే, అయినా నేను దాన్ని చిన్న విషయంగా చూడలేను. పదకొండేళ్లుగా చేతిలో ఉన్నది జారిపోతోందని తెలిసిన రోజు మెత్తటి మనిషి కూడా మారిపోవచ్చు. మార్పు చేసే రోజు మీ అన్నయ్యో, నాన్నగారో ఇంట్లో ఉండేలా చూసుకోండి.

ఆయనతో మాట్లాడేటప్పుడూ అంతే. రాత్రి, ఇద్దరే ఉన్నప్పుడు వద్దు. పగటి పూట, పెద్దవాళ్లు ఒకరిద్దరు కూర్చున్నప్పుడు చెప్పండి: "ఎవరికి ఎంత ఇవ్వాలో మొత్తం కాగితం మీద పెట్టండి. ట్రేడింగ్ ఖాతా మూసేయండి. అప్పటివరకు నేను ఎక్కడా సంతకం పెట్టను. అప్పు తీర్చడానికి మాత్రం నా జీతంలోంచి ఇంత ఇస్తాను." ఎంత ఇవ్వగలరో ముందే లెక్కవేసుకోండి. ఆయన కాగితం తీస్తే, బ్యాంకు వాయిదాల గడువు పెంచమని ఇద్దరూ కలిసి వెళ్లి అడగవచ్చు, సంసారానికి దారి ఉంది. కాగితం తీయకుండా గొంతు పెంచితే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయండి. లేదంటే హింసకు గురైన మహిళలకు సాయం చేసే మీ జిల్లా సఖి కేంద్రానికి వెళ్లండి. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, జీతం ఎంతైనా సరే, న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. ఫోను నంబరు 15100.

ఈ ఉత్తరం తోటి టీచరు ఫోను నుంచి పంపానన్నారు. జవాబు కూడా ఆవిడ ఫోనులోనే చదవండి. పై నంబర్లను మీ ఫోనులో దాచుకోకండి, మీ టీచింగ్ నోట్సు వెనక పేజీలో పిల్లల రోల్ నంబర్ల మధ్య రాసుకోండి.